మోటారు కారు బ్యాటరీ: పోషణము, విద్యుత్పూరణము

మోటారు కారు యంత్రమును తొలుత కదలించుటకును, యంత్రము నిలిచియున్నప్పుడు దీపములకు, హారనుకు, గడియారమునకు, తలుపుల తాళములకు విద్యుత్తు నందించుటకును బానెట్టు క్రింద అమర్చబడు రసాయన విద్యున్నిధికి బ్యాటరీ అని పేరు. ఈ పేరు పరభాషనుండి వచ్చినదే యైనను, మెకానిక్కు మొదలు గృహిణి వరకు అందరి నాలుకలపై నలిగి తెలుగైపోయినది; పండితులు కల్పించిన ‘సంచాయక విద్యుద్ఘటము’ పాఠ్యపుస్తకపు గడప దాటి వీధిలోనికి రాలేదు. కావున ఈ వ్యాసమున వాడుకలోని మాటయే గ్రహింపబడినది.

బ్యాటరీ విద్యుత్తును కుండలోని నీటివలె దాచి యుంచునని సామాన్యముగా తలచుదురు. అది సరికాదు. బ్యాటరీలో నుండునది సీసము, సీసపు డయాక్సైడు, గంధకామ్లము, నీరు మాత్రమే. విద్యుత్తు వలయు క్షణమున వాని నడుమ రసాయన చర్య జరిగి ప్రవాహము పుట్టును, చార్జి చేయునప్పుడు ఆ చర్యయే వెనుకకు నడచును. కారు బ్యాటరీ పోషణమునకు సంబంధించిన నియమములన్నియు ఈ ఒక్క సత్యమునుండి వెలువడినవే గనుక, దీనిని గ్రహించిన వానికి నియమములను కంఠస్థము చేయవలసిన యక్కర యుండదు.

విశాఖపట్టణమును గైకొనుటకు హేతువు

ఈ విషయమును విశాఖపట్టణము నాధారముగా గొని వివరించుటకు కారణములు గలవు. బ్యాటరీకి ముఖ్యద్రవ్యములైన సీసము, గంధకామ్లము రెండును ఒకప్పుడు ఈ పట్టణముననే తయారగుచుండెడివి. 1967లో పని ప్రారంభించిన కోరమాండల్ ఎరువుల కర్మాగారము భాస్వర ఎరువుల నిమిత్తము గంధకామ్లమును ఇచట ఉత్పత్తి చేయ మొదలిడెను. 1970వ దశకపు ఉత్తరార్ధమున హిందూస్థాన్ జింక్ సంస్థ నెలకొల్పిన లోహశోధన కర్మాగారమున జింకుతోబాటు నాటి గుంటూరు జిల్లాలోని అగ్నిగుండాల గనుల సీసఖనిజమును కరగించెడివారు. ఆ కొలిమి నేడు ఆరిపోయినది. 1933లో తెరవబడిన ఓడరేవు, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము, తూర్పు నౌకాదళపు జలాంతర్గాముల స్థావరము, ఈ మూడును ఈ పట్టణపు బ్రదుకును తీర్చినవి. బ్యాటరీ మంచిచెడ్డలతోను ఈ మూటికిని సంబంధము గలదని మున్ముందు తెలియగలదు.

అంతేగాక ఈ పట్టణపు వాతావరణము బ్యాటరీకి మంచి పరీక్ష. చలిదేశములలో బ్యాటరీకి మంచు శత్రువు కాగా, ఇచట ఉక్కపోత శత్రువు. పాశ్చాత్య గ్రంథములను చూచి వ్రాసిన పుస్తకములు శీతకాలపు జాగ్రత్తలను పుటలకొలది వర్ణించి, వేసవిని ఒక వాక్యముతో దాటివేయును. మన దేశమున వరుసను తలక్రిందులు చేసి చదువుకొనవలెను.

పుట్టుక

సీసపు పలకలను గంధకామ్లమున ముంచి, మరల మరల చార్జి చేసికొనదగిన తొలి బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్తోన్ ప్లాంటే నిర్మించెను. సీసపు ఆక్సైడును ముద్దగా చేసి పలకలకు మెత్తు పద్ధతిని 1881లో కమీ ఫోర్ కనుగొనుటతో దాని శక్తి పెరిగి, తయారీ సులువైనది. మోటారు కారులలో మొదట దీనికి గొప్ప పని లేదు. ముందుభాగమున ఇనుప హ్యాండిల్‌ను చొనిపి బలముకొలది త్రిప్పి యంత్రమును కదలించెడివారు, అది వెనుకకు తన్ని మణికట్టులు విరిగినవారు ఎందరో గలరు. 1912లో కాడిలాక్ కారులకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమరుటతో బ్యాటరీ కారునకు విడరాని అంగమైనది. నేటి వాడుకలో ఆ స్టార్టరునే ‘సెల్ఫ్’ అందురు. ‘సెల్ఫ్ ఎత్తుట లేదు’ అని గాజువాక ఆటోనగరునకు వచ్చు ఫిర్యాదులకు అనేక పర్యాయములు మూలము సెల్ఫులో గాక, దానికి బలము నీయవలసిన బ్యాటరీలోనో, బ్యాటరీ తీగ కొసలోనో యుండును.

తెలుగునేలపై ఈ పరిశ్రమ చక్కగా వేళ్ళూనినది. హైదరాబాదులో 1977లో హైదరాబాద్ బ్యాటరీస్ అను పేర మొదలై నేడు హెచ్‌బీఎల్ అని పిలువబడు సంస్థ జలాంతర్గాములకు సైతము బ్యాటరీలను చేయుచున్నది. తిరుపతి చేరువ 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమర రాజా సంస్థ ‘అమరాన్’ పేర చేయు కారు బ్యాటరీలు దేశమంతట వ్యాపించినవి.

లోపలి నిర్మాణము

సామాన్యమైన కారు బ్యాటరీలో ఆరు అరలుండును. ఒక్కొక్క అరలో ధన ఫలకములు, ఋణ ఫలకములు ఒకటి విడిచి ఒకటిగా నిలిచి, వాని నడుమ సూక్ష్మరంధ్రములు గల పొరలు అడ్డముగా నుండును. ధన ఫలకముపై ముదురు గోధుమవన్నె గల సీసపు డయాక్సైడును, ఋణ ఫలకముపై బూడిదవన్నె గల మెత్తని సీసమును ఉండును. ఒక అర ఇంచుమించు 2.1 వోల్టుల నిచ్చుటచే ఆరు అరలు కలిసి 12.6 వోల్టులగును, వాడుకలో దానినే 12 వోల్టుల బ్యాటరీ అందురు. విద్యుత్తును తీయునప్పుడు రెండు విధముల ఫలకములును సీసపు సల్ఫేటుగా మారుచు, ఆమ్లము వ్యయమై నీరు పుట్టుచు, ద్రవము పలుచనగును. చార్జి చేయునప్పుడు సల్ఫేటు కరగి ఫలకములు పూర్వరూపమును పొందును, ఆమ్లము మరల చిక్కనగును. కావుననే ద్రవపు చిక్కదనమును కొలుచుట బ్యాటరీ నాడిని పట్టి చూచుట వంటిది.

సల్ఫేటు క్రొత్తగా ఏర్పడినప్పుడు సన్నని రేణువులుగా నుండి సులభముగా కరగును. బ్యాటరీ దిగిపోయిన స్థితిలో వారములకొలది వదలివేసినచో ఆ రేణువులు పెరిగి గట్టి స్ఫటికములై ఫలకములను కప్పివేయును. అట్టి దానికి ఎంత చార్జి పెట్టినను మునుపటి శక్తి రాదు. బ్యాటరీలను ముసలితనము చంపినదానికంటె ఈ నిర్లక్ష్యము చంపినది ఎక్కువ యని చెప్పుట అతిశయోక్తి కాదు.

వేడిమి, ఉప్పుగాలి, ధూళి

వేడిమి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది రసాయన చర్యల వేగము ఇంచుమించు రెట్టింపగును. అందువలన వేసవిలో సెల్ఫ్ హుషారుగా తిరిగినను, లోలోపల ధన ఫలకపు చట్రము తినివేయబడుట, నీరు తరుగుట, వాడకున్నను చార్జి దిగిపోవుట, అన్నియు త్వరపడును. సముద్రము చెంతనుండుటచే విశాఖలో ఎండ రెంటచింతల యెండవలె మాడ్చదు గాని, ఎన్‌ఏడీ కూడలి వంటి చోట వాహనముల నడుమ కదలక నిలిచిన కారు బానెట్టు క్రింద వేడిమి 60 డిగ్రీలకు చేరుట వింత కాదు. కనుక కారును నీడన నిలుపుట, బ్యాటరీ చుట్టును కొందరు తయారీదారులు పెట్టు వేడినాపు తొడుగును తీసి పారవేయకుండుట, ఇవి అల్పములుగ తోచినను ఆయుర్దాయమును పెంచును. మన ప్రాంతమున మూడు నాలుగేండ్లు నిలిచిన బ్యాటరీ తన ఋణము తీర్చుకొన్నట్లే భావింపవచ్చును.

ఉప్పుగాలి చేయు కీడు వేరు. బీచి రోడ్డున, ఋషికొండ వైపున, యారాడ తీరమున నిలుపు కారులలో టెర్మినళ్ళకు తెల్లగనో నీలిపచ్చగనో పొడి పట్టుట త్వరగా కానవచ్చును. ఆ పొడి లోహసంపర్కమును చెరచి, బ్యాటరీ నిండుగా నున్నను సెల్ఫ్ తిరుగకుండ చేయును. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు ఈ పొడిని తొలగించి చూచినవారికి వేలకొలది రూపాయలు మిగిలిన సందర్భములు గలవు. ఒక గ్లాసు వెచ్చని నీటిలో చెంచెడు వంటసోడా కలిపి, అరల మూతలు గట్టిగా బిగించియున్నవని చూచుకొని, పాత పళ్ళబ్రష్షుతో రుద్దినచో పొడి నురగలెత్తి పోవును. పిదప మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, క్లాంపులను బిగించి, పైన వేజలీను పలుచగా పూయవలెను. సోడానీరు లోపలి అరలలోనికి చుక్కయైనను పోరాదు, పోయినచో ఆమ్లము చెడును.

ఓడరేవులో దిగు బొగ్గు, ఎక్కు ఇనుపఖనిజము వీని ధూళి ఈ పట్టణవాసులకు చిరపరిచితము. ఆ ధూళి బ్యాటరీ పైకప్పున పేరి, ఆమ్లపు తడితోను సముద్రపు చెమ్మతోను కలిసినచో రెండు టెర్మినళ్ళ నడుమ సన్నని విద్యుత్ దారి యేర్పడి, రేయింబవళ్ళు చార్జి కొంచెము కొంచెముగ జారిపోవుచుండును. వోల్టుమీటరు ఒక కొసను ఋణ టెర్మినలుపై నుంచి, రెండవ కొసను పైకప్పు ప్లాస్టిక్కుపై త్రిప్పి చూచిన, ఈ దొంగదారి ఉన్నచో ముల్లు కదలి చూపును. తడిగుడ్డతో తుడిచినంతనే యది తెగిపోవును.

టెర్మినళ్ళను విప్పునప్పుడు ముందుగా ఋణపు కొసను, అనగా నల్లతీగను, విప్పవలెను. బిగించునప్పుడు దానిని కడపట బిగింపవలెను. కారు దేహమంతయు ఋణముతో కలిసియుండుటచే, నల్లతీగ ఉండగా ధన టెర్మినలు నట్టును విప్పు స్పానరు కారు లోహమునకు ఎక్కడ తగిలినను నిప్పురవ్వలు చిమ్మును. చేతి ఉంగరము, కడియము, గడియారపు గొలుసు తీసివేసి పనిచేయుట మెకానిక్కులకు పరిపాటి. ఉంగరము రెండు లోహముల నడుమ చిక్కినచో క్షణములో ఎఱ్ఱగా కాగి వ్రేలిని కాల్చును.

నీరు

మూతలు తీయదగిన బ్యాటరీలో నీటి మట్టమును నెలకొకసారి, వేసవిలో పక్షమున కొకసారి చూడవలెను. ఫలకముల కొనలు గాలికి బయటపడినచో ఆ భాగము మరల కోలుకొనదు. పోయవలసినది శుద్ధజలము మాత్రమే. దుకాణములలో డిస్టిల్డ్ వాటరని, బ్యాటరీ నీరని అమ్మునది యదియే. తరిగినది నీరేగాని ఆమ్లము కాదు గనుక ఆమ్లమును పోయుట పొరపాటు. ద్రవము ఒలికిపోయిన సందర్భము వేరు, అది దుకాణదారుడు సరిచేయవలసిన పని.

కుళాయి నీటిలోని క్లోరైడులు ఫలకములను తినును. ఇనుము అంతకంటె మాయావి. అది ధన ఫలకము చెంత ఒక రూపమును, ఋణ ఫలకము చెంత మరొక రూపమును దాల్చుచు రెంటి నడుమ తిరుగాడి, ఎవరును వాడకుండగనే చార్జిని హరించును. ఉక్కునగరములో ఇనుపరజను లేని చోటు అరుదు గనుక, నీటిని ఇనుప డబ్బాలోనో, రేకు గరాటుతోనో పోయక గాజు పాత్రను గాని ప్లాస్టిక్ పాత్రను గాని వాడుట మేలు. ఇంటి ఏసీనుండి చుక్కలుగా పడు నీరు శుద్ధమైనదని దానిని పట్టి పోయువారు పలువురు గలరు. గాలినుండి కూడిన తేమయే యైనను, ఏసీలోని రాగి, అల్యూమినియము భాగములపై జారి, దుమ్మును కడిగికొని వచ్చుటచే అది బ్యాటరీకి తగదు. శుద్ధి యంత్రపు త్రాగునీటిలోను లవణములు మిగిలియుండును. డిస్టిల్డ్ వాటర్ సీసా వెల క్రొత్త బ్యాటరీ వెలలో ఎన్నవ వంతో లెక్కించుకొన్నవారు ఈ పొదుపునకు పూనుకొనరు.

నీటిని చార్జి చేయుటకు ముందు ఫలకములు మునుగునంతవరకే పోసి, చార్జి ముగిసిన పిదప గీత వరకు నింపవలెను. చార్జి చేయునప్పుడు ద్రవము ఉబుకుటచే ముందే అంచువరకు నింపినచో ఆమ్లము పొంగి పొరలును.

పరీక్ష

కారును నిలిపి కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చిన పిదప వోల్టుమీటరు 12.6గాని అంతకు కొంచెము హెచ్చుగాని చూపినచో బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.4 చూపిన ముప్పాతిక, 12.2 చూపిన సగము, 12.0 చూపిన పాతిక మాత్రమే యున్నట్లు గ్రహింపవలెను. హైడ్రోమీటరుతో ఒక్కొక్క అరలోని ద్రవపు విశిష్ట గురుత్వమును చూచుట ఇంకను నమ్మదగినది. ఆ సంఖ్యకు 0.84 కలిపిన ఆ అర యొక్క వోల్టులు ఇంచుమించుగా వచ్చును. అయిదు అరలు సమముగా నుండి ఆరవది మాత్రము మిక్కిలి తగ్గియున్నచో ‘సెల్ పోయినది’ అని మెకానిక్కు చెప్పు మాట నిజమే. దానికి చార్జి మందు కాదు. మన ఉష్ణదేశమున ఆయుర్దాయము కొరకు కొంత పలుచని ఆమ్లమును నింపు ఆచారము గలదు గనుక విదేశీయ పట్టికలలోని 1.28 ఇచట కనబడలేదని కలత పడరాదు.

యంత్రము నడచుచుండగా టెర్మినళ్ళ నడుమ సామాన్యముగా 13.8 మొదలు 14.5 వరకు వోల్టులు కనబడవలెను. పాతకాలపు మెకానిక్కులు నేటికిని డైనమో యని పిలుచు ఆల్టర్నేటరు సరిగా పనిచేయుచున్నదనుటకు ఇది గుర్తు. ఎంతసేపటికిని 13 దాటకున్నచో బెల్టునో బ్రష్షులనో చూపింపవలెను; 15కు మించినచో బ్యాటరీ మరగి నీరు హరించుకుపోవును. ఇటీవలి కొన్ని కారులలో కంప్యూటరు ఈ వోల్టులను అవసరమును బట్టి మార్చుచుండును కావున వానికి ఈ కొలత యథాతథముగా వర్తింపదు.

నిలిచియున్న కారు

తాళము వేసి నిలిపిన కారు కూడ నిద్రపోదు. గడియారము, అలారము, తాళపు గ్రాహకము కలిసి 20 మొదలు 50 మిల్లీఆంపియర్ల వరకు త్రాగుచునే యుండును. 35 ఆంపియర్-గంటల చిన్నకారు బ్యాటరీని 50 మిల్లీఆంపియర్లు 700 గంటలలో, అనగా నెలలోపల, పూర్తిగా హరించును. రెండు వారములకే సగము పోవును. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు నెలలకొలది కదలని కారులు ఈ లెక్కను ఇంటింట ఋజువు చేసినవి. యంత్రమును రోజు విడిచి రోజు రెండు నిమిషములు త్రిప్పి ఆపుట వలన ప్రయోజనము స్వల్పము; వారమున కొకసారి అరగంటకు తగ్గకుండ రోడ్డుపై నడపుట గాని, నెలకు మించి ఊరు విడుచునప్పుడు నల్లతీగను విప్పి యుంచుట గాని మేలైన ఉపాయములు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడి, పట్టణము రోజుల తరబడి చీకటిలో నున్నప్పుడు కారులే ఫోనులకు విద్యుత్కేంద్రములైనవి. ఒక ఫోను నిండుటకు కారు బ్యాటరీనుండి ఒకటి, ఒకటిన్నర ఆంపియర్-గంటలు చాలును. అయినను ఇరుగుపొరుగుల ఫోనులు పది కూడి, తాళము త్రిప్పియుంచిన కారు తానును కొంత త్రాగి, చిన్న బ్యాటరీ సగమునకు చేరుట సులభమే. ఆపదలో పొరుగువారి కక్కరకు వచ్చుట ఉత్తమము, అయితే యంత్రమును గాలియాడు చోట నడుపుచు చార్జి చేయుట క్షేమము. మూసిన షెడ్డులో యంత్రమును నడుపుట ప్రాణాంతకము. అట్టి వేళ కారు బ్యాటరీని ఇంటి ఇన్వర్టరునకు కలుపువారును గలరు. కారు బ్యాటరీ ఫలకములు క్షణకాలము వందల ఆంపియర్ల నిచ్చుటకై పలుచగా చేయబడినవి. గంటలతరబడి అడుగంట తోడుటను అవి సహింపలేవు. సముద్రపు నీట మునిగిన బ్యాటరీని మరల చార్జి పెట్టుట ఎన్నటికిని తగదు, ఉప్పునీరు లోపలి ఆమ్లముతో కూడినప్పుడు విషవాయువైన క్లోరిన్ పుట్టును.

ఉదజని: జలాంతర్గాముల పాఠము

బ్యాటరీ నిండినకొలది, చార్జి చేయు విద్యుత్తునకు మార్చవలసిన సల్ఫేటు మిగులక, అది నీటినే ఉదజనిగను ఆమ్లజనిగను విడదీయ మొదలిడును. నిండిన కారు బ్యాటరీలో ఇంకను ఒక ఆంపియర్-గంటను పోసినచో ఆరు అరలనుండి రెండు గ్రాముల నీరు నశించి, ఇంచుమించు రెండున్నర లీటర్ల ఉదజని పుట్టును. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరినంతనే ఉదజని అంటుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు.

ఈ వాయువుతో విశాఖ నౌకాదళమునకు గల పరిచయము బాధాకరమైనది. జలాంతర్గామి నీట మునిగియున్నంతసేపు బ్యాటరీలే దాని ప్రాణము. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002 నుండి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామి లోపలి ఇరుకు దారిలో నడచువారు తమ పాదముల క్రింది అరలలో ఒకప్పుడు వరుసలు తీరిన భారీ సీసపు బ్యాటరీలుండెడివని తలచరు. నీటిపైకి తేలి, డీజిలు యంత్రములచే వానిని చార్జి చేయునప్పుడు పుట్టు ఉదజనిని ఫంకాలచే వెలికి తోలి, గాలిలో దాని పాలెంతయో అనుక్షణము కనిపెట్టవలెను. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ తీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ నాశనమును భారత నౌకాదళము తన రాజ్‌పుత్ నౌక దాడికి ఆపాదించినది. లోపలనే పేలుడు జరిగెనని వాదించువారు ఊహించిన కారణములలో చార్జి చేయునప్పుడు పేరుకొన్న ఉదజని యొకటి. ఆ వివాదము చరిత్రకారులది. 2010 ఫిబ్రవరిలో విశాఖలో నిలిచియున్న మన సింధురక్షక్ జలాంతర్గామి బ్యాటరీ గదిలో ప్రమాదము జరిగి ఒక నావికుడు అసువులు బాసెను. లోపము గల బ్యాటరీ వాల్వునుండి వెలువడిన ఉదజనియే కారణమని అధికారులు తెలిపిరి. శిక్షితులైన నావికులు, కొలతలు, ఫంకాలు గల చోటనే యిట్లు జరుగగా, మన సెల్లారులోని కారునకు ఏ కాపలాయు లేదు.

కారు బ్యాటరీనుండి పుట్టు ఉదజని సెల్లారునంతను నింపునంతటిది కాదు. ఆపద యుండునది బ్యాటరీ మూతలకు జానెడు, రెండు జానల లోపల, మూసిన బానెట్టు క్రింద. అచట క్లాంపునుండి లేచిన ఒక్క నిప్పురవ్వ బ్యాటరీ పెట్టెను పగులగొట్టి ఆమ్లమును ముఖముపై చిమ్మగలదు. కావున బీడీ, అగ్గిపుల్ల, లైటరు దరికి రానీయరాదు. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుని కోవెలలోను, విజయదశమినాడు వీధివీధినను వాహనపూజలు చేయు పట్టణమిది. చార్జి చేయుచున్నప్పుడుగాని అప్పుడే ముగించినప్పుడుగాని బానెట్టు తెరచి హారతి నీయక, కారు ముందర కొంత ఎడముగా నిచ్చినచో పూజకు లోపము కలుగదు.

ఇంట చార్జి చేయు విధము

మంచి చార్జరుకు మేలైన గుణము నిదానము. బ్యాటరీ శక్తిలో పదవ వంతు ప్రవాహము శ్రేష్ఠమని పెద్దల నియమము: 35 ఆంపియర్-గంటల దానికి మూడున్నర ఆంపియర్లు. సగము దిగిన ఆ బ్యాటరీకి నష్టములతో కలిపి 21 ఆంపియర్-గంటలు వలసియుండును గనుక ఆరు గంటలు పట్టును. తొందరపడి పెద్ద ప్రవాహమును పంపువారు గంటలో యంత్రమును కదలింపగలరు గాని, ఫలకములు వేడెక్కి వంగి, పైముద్ద రాలి అడుగున పడును. చార్జింగు షాపులో ‘అర్జెంటు’ అని చెప్పుట, తెలియక తన బ్యాటరీకే చేటు కోరుట.

చార్జరు ప్లగ్గు గోడకు తగిలింపక మునుపే ఎఱ్ఱ క్లాంపును ధనమునకు, నల్ల క్లాంపును ఋణమునకు పట్టించి, పట్టు గట్టిగా నున్నదని కదిపి చూచి, అటుపిమ్మట స్విచ్చి వేయవలెను. ముగింపున స్విచ్చి ముందు ఆర్పి, క్లాంపులను పిదప తీయవలెను. ఈ వరుస తప్పినప్పుడే వాయువు నిండిన చోట రవ్వ పుట్టును. బానెట్టు తెరచియుండవలెను, కంటికి అద్దములు, చేతికి రబ్బరు తొడుగులు ఉండవలెను. బ్యాటరీని చేతితో తాకి చూచుచు, వేడిమి 50 డిగ్రీలకు చేరినట్లు తోచినచో ఆపి చల్లారనీయవలెను. 14.4 వోల్టుల చెంత బుడగలు ధారాళముగా లేచును గనుక దానినే చార్జికి హద్దుగా గొనవలెను. ఎండకాలమున 25 డిగ్రీలకు పైబడిన ప్రతి డిగ్రీకి ఇంచుమించు 0.02 వోల్టు చొప్పున ఈ హద్దును తగ్గించుకొనుట నేర్పరుల పద్ధతి. నేటి ఆటోమాటిక్ చార్జరులలో కొన్ని ఈ లెక్కను తామే చూచుకొని, నిండిన పిదప ప్రవాహమును తగ్గించును. మూతలు లేని, గాజుదూది పొరలలో ఆమ్లమును పీల్చియుంచు ఏజీఎం బ్యాటరీలకు తగిన అమరిక చార్జరులో ఉన్నదో లేదో చూచి మరీ పెట్టవలెను; వానిలో పోయిన నీటిని మరల పోయు మార్గము లేదు. పెట్టె ఉబ్బినను, పగిలినను, కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టినను చార్జి మాట తలపెట్టరాదు.

ఆమ్లము కంట పడినచో క్షణమాలస్యము చేయక, రెప్పలు విప్పి పట్టి, పదునైదు నిమిషములు ధారగా మంచినీటితో కడిగి, కంటి వైద్యుని చెంతకు పోవలెను. కంట సోడా వేయుట వంటి గృహవైద్యములు హానికరములు.

మరియొక బండి సాయము

దిగిన బ్యాటరీ గల కారును మరియొక కారు బ్యాటరీ సాయమున కదలించుట సర్వసాధారణము. ఎఱ్ఱతీగ ఒక కొసను దిగిన బ్యాటరీ ధనమునకు, రెండవ కొసను మంచి బ్యాటరీ ధనమునకు తగిలించి, నల్లతీగ ఒక కొసను మంచి బ్యాటరీ ఋణమునకు, కడపటి కొసను దిగిన కారు ఇంజను లోహమునకు బ్యాటరీకి దూరముగా తగిలింపవలెను. కడపటి కలయికలో రవ్వ తప్పదు గనుకనే దానిని బ్యాటరీకి దూరముగా నుంచుట. యంత్రము కదలిన పిదప తీగలను వెనుకటి వరుసలో విప్పవలెను.

ఓడరేవు రోడ్డున, ఉక్కునగరపు గేటుల చెంత కారు నిలిచిపోయినవానికి ముందు కనబడునది లారీ. సాయము చేయు మనసు లారీ డ్రైవరులకు మెండు. అయితే పెద్ద లారీలలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులుగా వాడుదురు. ఆ 24 వోల్టులను కారునకు తగిలించినచో కారులోని ఎలక్ట్రానిక్ పరికరములు క్షణములో మాడిపోవును, బ్యాటరీయు పేలవచ్చును. కారుకు కారే సాయము. దొరకనిచో ఫోను చేసి మెకానిక్కును పిలుచుట ఉత్తమము.

పాత బ్యాటరీ

క్రొత్తది కొనునప్పుడు పెట్టెపై తయారైన నెలను చూడవలెను. దుకాణపు బల్లపై ఆరు నెలలు చార్జి లేక కూర్చున్నది క్రొత్తదై యుండియు సల్ఫేటు పట్టినదే. పాతదానిని డాబాపైననో, మెట్ల క్రిందనో పిల్లల చేతికందునట్లు పడవేయరాదు. సీసము పసివారి మెదడునకు విషము. దానిని ఇళ్ళ నడుమ బహిరంగముగా కరగించువారికి అమ్ముట ఆ వీధి పిల్లలకు విషము పంచుటయే. 2001లో వచ్చిన బ్యాటరీ నియమముల స్థానమున 2022లో వచ్చిన నియమములు వాడిన బ్యాటరీల సేకరణ, పునశ్శోధన బాధ్యతను తయారీదారులపై నుంచినవి. దుకాణదారుడును పాతదానికి వెల కట్టి క్రొత్తదాని ధరలో తగ్గించును. నిలువుగా నిలిపి, ఒలుకకుండ ప్లాస్టిక్ తొట్టిలో నుంచి కొనిపోయి ఒప్పగించినచో చాలును. శుద్ధి కొలిమిలో ఫలకముల సీసమంతయు కరగి, కడ్డీలై, మరల ఫలకములగును. అగ్నిగుండాల గనినుండి వచ్చి ఒకప్పుడు విశాఖ కొలిమిలో కరగిన సీసము నేడు ఏ కారు బానెట్టు క్రింద పనిచేయుచున్నను ఆశ్చర్యము లేదు.